బతికున్న అమ్మను చూడటానికి కూడా పీసీఆర్ రిపోర్టు కావాలా?

(2021లో, కరోనా రోజుల్లో, విదేశాల్లోని తెలుగువాళ్లు ఆన్‌లైన్‌లో మాట్లాడుకున్న మాటలివి. ఇందులోని ప్రయాణ నిబంధనలు అప్పటివి, ఇప్పుడు లేవు.)

షార్జా శీను: అన్నలూ, అక్కలూ, ఒక సంగతి చెప్పండి. అమ్మకు పక్షవాతం వచ్చి కరీంనగర్‌లో ఆసుపత్రిలో ఉంది. ఈ శుక్రవారం రాత్రి హైదరాబాద్ ఫ్లైట్ దొరికింది. 2021 ఫిబ్రవరి 22 అర్ధరాత్రి నుంచి, విదేశాల నుంచి ఇండియాకు ఎవరు రావాలన్నా బయల్దేరే ముందు 72 గంటల్లోపు చేయించిన ఆర్టీపీసీఆర్ (కరోనా టెస్టు) నెగటివ్ రిపోర్టు ఎయిర్ సువిధ అనే ప్రభుత్వ పోర్టల్‌లో పెట్టాలంటున్నారు కదా. ఆ 72 గంటలు శాంపిల్ ఇచ్చినప్పటి నుంచా, రిపోర్టు చేతికొచ్చినప్పటి నుంచా? అయినా ఇంత అత్యవసరంలో టెస్టు పెట్టడం న్యాయమేనా?

ల్యాబ్ పద్మ: శాంపిల్ ఇచ్చినప్పటి నుంచే లెక్క పెట్టుకో తమ్ముడూ, ఏ గొడవా ఉండదు. మంగళవారం కాకుండా బుధవారం ఇవ్వు. న్యాయమా అంటే న్యాయమే. నేను సికింద్రాబాద్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని, పోయిన ఏడాదంతా ఈ శాంపిళ్లతోనే గడిచింది. దగ్గు, జ్వరం ఏమీ లేనివాళ్లకు కూడా పాజిటివ్ రావడం రోజూ చూశాను.

జగిత్యాల బిడ్డ: పద్మక్కా, ఒక్కటి చెప్పు. మేం ఇక్కడ 150 దిర్హాములు కట్టి టెస్టు చేయించుకుని వస్తాం. శంషాబాద్‌లో దిగగానే గల్ఫ్ నుంచి వచ్చారని మళ్లీ మా డబ్బులతోనే ఇంకో టెస్టు. ఇక్కడి రిపోర్టు మీద నమ్మకముంటే అక్కడిది ఎందుకు, లేకపోతే ఇక్కడిది ఎందుకు అడుగుతున్నారు? కేరళలో ఫిబ్రవరి 26ననే ఎయిర్‌పోర్టు టెస్టు ఖర్చు ప్రభుత్వమే పెట్టుకుంటుందని ప్రకటించారు. మనవాళ్ల గురించి అడిగే నాథుడు లేడు.

డాలస్ మామ: 72 గంటలు మొదటి ఫ్లైట్ ఎక్కేదాకానా, దోహాలో రెండోది ఎక్కేదాకానా? నాకు కౌంటర్ దగ్గర పెద్ద గొడవైంది, అరగంట నిలబెట్టారు.

ల్యాబ్ పద్మ: ప్రయాణం మొదలయ్యేదాకా అనే రాశారండీ, అంటే మొదటి ఫ్లైటే.

జగిత్యాల అన్నా, రెండు టెస్టుల పనులు వేరు. మొదటిది, వైరస్ ఉన్న మనిషి నాలుగు గంటలు మూసిన విమానంలో అందరి మధ్య కూర్చోకుండా ఆపుతుంది. అప్పటికి శరీరంలో వైరస్ సరిగా పెరగక దొరకనివాళ్లను పట్టుకోవడానికి రెండోది.

జగిత్యాల బిడ్డ: మా క్యాంపులో గదికి ఎనిమిది మందిమి. పొద్దున శాంపిల్ ఇస్తే సాయంత్రం పక్క మంచం వాడి దగ్గర అంటుకోవచ్చు. రిపోర్టు మాత్రం నెగటివే ఉంటది. ఇంకోటి చెప్తా. మా రూమ్మేట్ జ్వరం తగ్గి మూడు వారాలైంది, డ్యూటీకి పోతున్నాడు. పీసీఆర్ చేస్తే ఇంకా పాజిటివ్. చెల్లెలి పెళ్లికి తీసుకున్న టికెట్ పోయింది. ఇదేం టెస్టు?

డాలస్ మామ: మొదటి ఫ్లైటే అని పద్మగారు అంటున్నారు, కౌంటర్ అమ్మాయి మాత్రం ఒప్పుకోలేదు. ఎక్కడ రాసుందో ఎవరైనా చూపించగలరా?

ల్యాబ్ పద్మ: తగ్గిపోయాక కూడా చచ్చిన వైరస్ ముక్కలు కొన్ని వారాలు దొరుకుతాయి, అది నిజమే. అలాంటివాళ్లకు ఏదో దారి చూపాలి, ఒప్పుకుంటాను. కానీ ఒక్కరి టికెట్ పోతుందని ఊరినంతా ప్రమాదంలో పెడతామా?

జగిత్యాల బిడ్డ: ఊరా? ఊరి సంగతి నాకు చెప్పకక్కా. పోయిన ఏడాది జూన్‌లో, విదేశాల్లో చిక్కుకున్నోళ్లను తేవడానికి ప్రభుత్వం నడిపిన వందే భారత్ ఫ్లైట్‌లో వచ్చిన. హైదరాబాద్‌లో ఏడు రోజులు డబ్బులు కట్టి క్వారంటైన్‌లో ఉన్న. టెస్టు నెగటివ్. ఆ కాగితం చేతిలో పట్టుకుని ఊరికి పోతే పొలిమేరలోనే ఆపిండ్రు. బావి దగ్గర మోటారు కొట్టంలో పద్నాలుగు రోజులు పడుకున్న. నా భార్య సద్ది గిన్నె గట్టు మీద పెట్టి వెనక్కి పోయేది, నేను అప్పుడు పోయి తీసుకునేవాణ్ని. నాలుగేళ్ల బిడ్డ దూరం నుంచి చెయ్యి ఊపేది. ఆ ఊరి గుడికి పదివేలు చందా పంపినోణ్ని నేను. అప్పుడు పనికిరాని కాగితం ఇప్పుడెందుకు?

గోదావరి గట్టు: శీను అడిగింది ఒకటి, మీరు కొట్టుకునేది ఒకటి.

ల్యాబ్ పద్మ: మీకు జరిగింది తప్పే అన్నా. నా సంగతి కూడా వినండి. మా బాబాయి కొడుకు ఖతర్ నుంచి వచ్చాక వాళ్లింట్లో అందరికీ జ్వరాలు వచ్చాయి, తర్వాత మా నాన్నకు వచ్చింది. ఆగస్టులో పోయారు. మూటకట్టిన మనిషిని దూరం నుంచి చూశాం, మొహం కూడా చూడలేదు. వాడి వల్లే వచ్చిందని నేను నిరూపించలేను, ఏ ల్యాబూ చెప్పలేదు. అయినా వాడు ఎక్కేముందు ఒక్క టెస్టు చేసి ఉంటే అన్న ఆలోచన నన్ను వదలదు.

జగిత్యాల బిడ్డ: అక్కా, నాన్న సంగతి తెలియక గట్టిగా మాట్లాడిన, మనసులో పెట్టుకోకు. టెస్టు వద్దని కాదు నేననేది. మమ్మల్ని మనుషుల లెక్క చూడమంటున్న. నిబంధన చూడు. ఇంట్లో ఎవరైనా చనిపోతే రిపోర్టు లేకుండా రావచ్చు, దానికీ 72 గంటల ముందే పోర్టల్‌లో అప్లై చేయాలె. చావు మూడు రోజుల ముందే చెప్పి వస్తదా? శీను వాళ్లమ్మ బతికుంది కాబట్టి ఆ మినహాయింపు అతనికి లేదు. ఊపిరి ఉండగా చూడాలనుకునే కొడుక్కి దారి లేకుండా రాసినోళ్ల మీద నా కోపం.

ల్యాబ్ పద్మ: ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఇలాంటివాళ్లకు ఎయిర్‌పోర్టులోనే అప్పటికప్పుడు టెస్టు చేసి ఎక్కించాలి. టెస్టు లేకుండా మాత్రం వద్దు.

జగిత్యాల బిడ్డ: దానికి డబ్బులు ప్రభుత్వం పెట్టుకోవాలె.

షార్జా శీను: అక్కా, బుధవారం పొద్దున 9కి శాంపిల్ ఇచ్చాను, గురువారం రిపోర్టు వచ్చింది, నెగటివ్. కానీ దాని మీద రిపోర్టు టైం ఒక్కటే ఉంది, శాంపిల్ టైం లేదు. మళ్లీ టెన్షన్ పట్టుకుంది.

ల్యాబ్ పద్మ: ఇప్పుడే వెళ్లి శాంపిల్ తీసిన తేదీ, టైం వేసి మళ్లీ ప్రింట్ ఇమ్మను. పాస్‌పోర్ట్ నంబర్, పేరు స్పెల్లింగ్ కూడా చూసుకో. పోర్టల్‌లో కొత్తదే పెట్టు.

షార్జా శీను: ఇచ్చారక్కా, స్టాంపు కూడా వేశారు. ఎయిర్‌పోర్టుకు బయల్దేరుతున్నా.

జగిత్యాల బిడ్డ: శంషాబాద్ టెస్టుకు రూపాయలు జేబులో ఉంచుకో తమ్ముడూ. కరీంనగర్‌కు బండి దొరక్కపోతే నాకు మెసేజ్ పెట్టు, మా బామ్మర్ది ట్యాక్సీ నడుపుతడు, ఎంత రాత్రయినా వస్తడు.