తోతాపురి రైతుల సర్వే: నా ప్రశ్నలు ఒక పక్షానికి మొగ్గుతున్నాయా?

ప్రశ్న (తిరుపతి నుంచి, ఎం.ఏ. ఎకనామిక్స్ విద్యార్థిని):

అందరికీ నమస్కారం. ప్రాజెక్టు కోసం బంగారుపాళ్యం, గంగాధర నెల్లూరు వైపు తోతాపురి మామిడి రైతులను 150 మందిని కలవాలి. ప్రశ్నలు చూసి మా గైడ్, "జవాబులు కూడా నువ్వే రాసేశావు కదమ్మా" అన్నారు. ఏ ప్రశ్నలో అన్నది మాత్రం నన్నే వెతుక్కోమన్నారు. మాదీ మామిడి తోటే. 2025 సీజన్‌లో మా నాన్న కాయల ట్రాక్టరుతో రెండు రోజులు ఫ్యాక్టరీ గేటు బయటే ఉన్నారు. ఆ బాధ ప్రశ్నల్లోకి వచ్చిందేమోనని అనుమానం. ఇవీ ప్రశ్నలు:

1. గుజ్జు ఫ్యాక్టరీలు గిట్టుబాటు ధర ఇవ్వకుండా రైతులను నష్టపరుస్తున్నాయని మీరు ఒప్పుకుంటారా?
2. ప్రభుత్వ సాయం, టోకెన్ల (ఫ్యాక్టరీకి లోడు తెచ్చే వంతు చీటీల) పద్ధతి మీకు సంతృప్తిగా ఉన్నాయా?
3. కిలో ఎంతకు అమ్మారు?
4. పురుగు మందులు అధికారులు చెప్పిన మోతాదులోనే కొడుతున్నారా?

మూడోదానిలో తప్పేమీ లేదనుకుంటున్నాను. మిగతావి ఎలా మార్చాలి?

జవాబు (చిత్తూరు నుంచి, పన్నెండేళ్లుగా ఊళ్లలో సర్వేలు చేస్తున్న వ్యక్తి):

చెల్లెమ్మా, మొదటి ప్రశ్న దగ్గరే ఎక్కువసేపు ఆగాలి. "నష్టపరుస్తున్నాయి" అని మీరే తేల్చేసి, రైతును సంతకం పెట్టమంటున్నారు. పైగా మన ఊళ్లలో చదువుకున్న అమ్మాయి ఇంటికొచ్చి అడిగితే, కాదనడం మర్యాద కాదనుకుంటారు. "ఔనమ్మా, నువ్వు చెప్పినట్టే" అని మంచినీళ్లిచ్చి పంపుతారు. ఫ్యాక్టరీతో ఏ ఇబ్బందీ లేని రైతు కూడా అంతే. అందుకని "ఒప్పుకుంటారా" అనే ప్రశ్నలు మొత్తం తీసేయండి. "పోయిన సీజన్‌లో ఫ్యాక్టరీ ఇచ్చిన ధర మీ పెట్టుబడికి తగ్గట్టు ఉందా, తక్కువగా ఉందా, ఎక్కువగా ఉందా?" అని అడగండి. నేను పాటించే పరీక్ష ఒకటుంది. ప్రశ్నను ఒక రైతుకూ, ఒక ఫ్యాక్టరీ మేనేజరుకూ చూపిస్తాను. నేను ఎవరి పక్షమో ఇద్దరిలో ఎవరికి అర్థమైనా, మళ్లీ రాస్తాను.

ఒక్క మాట మారితే ఏమవుతుందిలే అనుకోకండి. అమెరికాలో డొనాల్డ్ రగ్ అనే పరిశోధకుడు 1941లో దీని మీద వ్యాసం రాశారు. ప్రజాస్వామ్యానికి వ్యతిరేకంగా చేసే బహిరంగ ప్రసంగాలను "నిషేధించాలా?" అని కొందరినీ, "అనుమతించాలా?" అని ఇంకొందరినీ అడిగారు. "నిషేధించాలి" అన్నవారి కన్నా "అనుమతించకూడదు" అన్నవారు చాలా ఎక్కువగా తేలారు. రెంటి అర్థం ఒకటే కదా! నిషేధం అనే మాట గట్టిది, దానికి జనం వెనకాడారు.

రెండోది ఒకే గోనెలో రెండు సరుకులు. డబ్బులు పడ్డాయి కానీ టోకెన్ దొరకలేదన్న రైతు ఏం చెప్పాలి? విడగొట్టండి.

మూడోది బాగుందన్నారు కదా, నాకు ఎక్కువ భయం దానితోనే. 2025లో ప్రకటించిన 12 రూపాయల్లో 8 ఫ్యాక్టరీ, 4 ప్రభుత్వం ఇవ్వాలని లెక్క. ఒక రైతు 12 అంటాడు, ఒకరు 8 అంటారు, ర్యాంపులో (వ్యాపారులు కాయలు కొనే చోట) వేసినాయన తరుగు, కమీషన్ పోగా చేతికొచ్చింది చెబుతాడు. ముగ్గురూ నిజమే చెప్పారు. మీ సగటు మాత్రం తప్పు.

నాలుగోదానికి అందరూ "ఆ, అంతే కొడతాం" అంటారు. ఎవరూ తమను తాము తప్పుపట్టుకోరు. మోతాదు సరిగ్గా ఉందా అని కాకుండా, "చివరిసారి కొట్టినప్పుడు ట్యాంకుకు ఎంత కలిపారు? ఆ కొలత ఎవరు చెప్పారు?" అని అడగండి. కొట్టు ఆయన చెప్పాడనో, పక్క తోటాయన చెప్పాడనో వాళ్లే చెబుతారు.

మళ్లీ అడిగింది:

చాలా థాంక్స్ అన్నా. వరుస గురించి కూడా అడగాలి. గేటు దగ్గర ఎన్ని గంటలు ఆగారో ముందు అడిగి, ఆ తర్వాత ఫ్యాక్టరీల మీద మొత్తం అభిప్రాయం అడుగుతున్నాను. పర్లేదా?

జవాబు:

వద్దమ్మా, తిప్పేయండి. గేటు గుర్తుచేశాక మొత్తం అభిప్రాయంలో ఆ ఎండే కనబడుతుంది. 1948లో అమెరికాలో జనాన్ని "కమ్యూనిస్టు దేశాల విలేకరులను అమెరికాలోకి రానివ్వాలా?" అని అడిగారు. ఆ ప్రశ్న మొదట వస్తే 36 శాతం ఔనన్నారు. అమెరికా విలేకరులను కమ్యూనిస్టు దేశాల్లోకి రానివ్వాలా అని ముందు అడిగి, తర్వాత ఇది అడిగితే 73 శాతం ఔనన్నారు. మొత్తం మీద ఎలా ఉందన్నది ముందు, విడివిడి విషయాలు తర్వాత. కులం, ఆదాయం, అప్పు ఆఖర్న.

ఇంకొకరి మాట (నగరి నుంచి):

మా వైపు తమిళం మాట్లాడే ఇళ్లు చాలా ఉన్నాయి. మీరు ఆ పక్కకొస్తే, అడిగేవాళ్లు అక్కడికక్కడ తర్జుమా చేస్తే ఒక్కొక్కరి నోట ఒక్కో ప్రశ్న అవుతుంది. ముందే తమిళంలో రాయించండి. ఆ తమిళాన్ని, మీ తెలుగు చూడని ఇంకొకరితో మళ్లీ తెలుగులోకి మార్పించండి. ఎక్కడ తేడా వచ్చిందో తెలిసిపోతుంది.

మళ్లీ అడిగింది (వారం తర్వాత):

బంగారుపాళ్యంలో ఆరుగురిని అడిగి చూశాను. ధర ప్రశ్నను "పోయిన సీజన్‌లో చివరి లోడు ఎక్కడ వేశారు? అక్కడ చీటీలో కిలోకు ఎంత రాశారు? కోతలన్నీ పోగా ఎంత చేతికొచ్చింది? ప్రభుత్వ డబ్బులు పడ్డాయా?" అని నాలుగు చేశాను. ఇద్దరు చీటీలు తెచ్చి చూపించారు. ఒకాయన మాత్రం తోట కాపు మీదే వ్యాపారికి ఇచ్చేశారట, కిలో లెక్కే లేదన్నారు. ఆయన్ను వదిలేయాలా?

జవాబు:

వదలొద్దు. అలాంటివాళ్లు ఇంకా తగులుతారు. "కాయలు మీరే కోసి అమ్మారా, తోట మీదే ఇచ్చేశారా?" అన్నది ధర కన్నా ముందు పెట్టండి. తోట మీద ఇచ్చినవాళ్లను ఎన్ని ఎకరాలు, మొత్తం ఎంతకిచ్చారు అని వేరే అడగండి. ఈ మార్పుతో ఇంకో పదిమందిని అడిగి చూశాకే 150 కాపీలు తీయించండి. ఈ పదహారు మంది జవాబులను అసలు లెక్కలో కలపొద్దు.