పాత లేత్‌లకు గార్డులు బిగిస్తే పనితనం దెబ్బతింటుందా?

టర్నర్_బాలానగర్: మాకు పని ఇచ్చే కంపెనీ నుంచి గత వారం తనిఖీకి వచ్చిన అధికారి, మూడు లేత్‌ల (లోహపు ముక్కను తిప్పుతూ కోసే యంత్రాల) చక్‌లకూ, అంటే ముక్కను బిగించి పట్టుకుని తిరిగే భాగాలకూ, గార్డులు బిగించాలనీ, అందరూ చేతి తొడుగులు వేసుకోవాలనీ రాసి వెళ్లారు. నేను 31 ఏళ్లుగా లేత్ ముందు నిలబడుతున్నాను. కోత చప్పుడు మారినా, రాలే లోహపు చిప్స్ నీలిరంగుకు తిరిగినా కోసే టూలు సంగతి నాకు తెలిసిపోతుంది. బేరింగ్ కూర్చునే చోట మిల్లీమీటరులో నూరో వంతు తేడా వచ్చినా షాఫ్టు వెనక్కి వస్తుంది. కంటికీ జాబ్‌కూ (కోస్తున్న ముక్కకూ) మధ్య ప్లాస్టిక్ పలక పెడితే, అది కూలెంట్ (చల్లబరిచే ద్రవం) మరకలతో మసకబారితే, ఆ తేడాను ఎలా పట్టుకోవాలి? పనితనం తెలియనివారు మాకు భద్రత నేర్పడం సరైనదేనా?

భద్రత_విశాఖ: తిరిగే చక్ దగ్గర చేతి తొడుగులు వేసుకోకూడదు, కొస చిక్కితే చేతినే లోపలికి లాగేస్తాయి. ఆ అధికారి అక్కడ తప్పు రాశారు. గార్డు సంగతి వేరు. నిమిషానికి 800 చుట్లు అంటే సెకనుకు 13 చుట్లు. చక్‌ను బిగించే చక్ కీ అందులోనే మరిచిపోయి స్విచ్ వేస్తే, అది ఎగిరి ఎవరి మొహానికి తగులుతుందో చూసేంత వ్యవధి కూడా ఉండదు.

టర్నర్_బాలానగర్: తొడుగుల విషయంలో తప్పని మీరే ఒప్పుకున్నారు. ఆ ఒక్కటి తెలియని మనిషి రాసిన మిగతా కాగితాన్ని నేనెందుకు నమ్మాలి?

ఐటీఐ_తమ్ముడు: మా సంస్థలో చక్ కీకి స్ప్రింగు ఉండేది, వదిలితే దానంతటదే బయటికి వచ్చేది.

టర్నర్_బాలానగర్: నా ప్రశ్న తొడుగుల గురించి, బాబూ.

షెడ్డు_కుషాయిగూడ: నా దగ్గర ఆరుగురే పనిచేస్తారు. 1948 నాటి కర్మాగారాల చట్టం కరెంటుతో నడిచే చోట 10 మంది పనివాళ్లుంటేనే వర్తించేలా లెక్క పెట్టింది. 2020 నాటి భద్రత కోడ్ దాన్ని 20కి పెంచింది. చట్టం అడగని ఖర్చును చిన్న షెడ్డు నెత్తిన రుద్దడం న్యాయం కాదు.

భద్రత_విశాఖ: అదే 1948 చట్టం 21వ సెక్షన్, లేత్ హెడ్‌స్టాక్ (చక్‌ను తిప్పే పెట్టె) వెనక బయటికి పొడుచుకు వచ్చే కడ్డీకి కంచె కట్టాలని లేత్ పేరు చెప్పి మరీ రాసింది. ఆరుగురున్న షెడ్డులో ఆ కడ్డీ మెత్తబడదు కదండీ. మా నాన్నగారూ టర్నరే. ఫినిషింగ్ కోసం ఎమెరీ గుడ్డను (నునుపు చేసే గరుకు గుడ్డను) తిరుగుతున్న షాఫ్టుకు చుట్టి రెండు కొసలూ చేత్తో పట్టుకున్నారు. గుడ్డ బిగుసుకుని కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు పోయాయి. ఆయనకూ అప్పటికి 20 ఏళ్ల పనితనం ఉంది. ఆ తర్వాత జీవితాంతం అన్నం అమ్మే కలిపి పెట్టింది. పనితనం ఉన్నవాడికి గార్డు అక్కరలేదని ఎవరన్నా నాకు ఆ కంచమే కనిపిస్తుంది.

టర్నర్_బాలానగర్: మీ నాన్నగారి గాయం చూపించి నా నోరు మూయించకండి. ఎమెరీని చుట్టి పట్టుకోకూడదని నా దగ్గర నేర్చుకున్న ప్రతి కుర్రాడికీ మొదటి రోజే చెప్పాను. మీకు జీతం నెల తిరిగేసరికి వస్తుంది. నాకు ముక్కకు 18 రూపాయలు. ఇప్పుడు ఒక్కో ముక్కకు ఆరు నిమిషాలు పడుతుంది, ఎనిమిది గంటల్లో 80 దించుతాను. గార్డు తెరిస్తే మోటారు ఆగాలి, చక్ పూర్తిగా నిలవాలి, కొలిచి మళ్లీ మూయాలి. ముక్కకు నాలుగుసార్లు అలా చేస్తే ఏడు నిమిషాలవుతుంది. 80 కాస్తా 68కి దిగుతాయి. రోజుకు 216 రూపాయలు పోతే ఇంట్లో ఏం చెప్పాలి?

భద్రత_విశాఖ: అంటే ఇప్పుడు చక్ పూర్తిగా నిలవకముందే కొలిచే కాలిపర్ పెడుతున్నారా?

టర్నర్_బాలానగర్: పెడుతున్నాను. ఆ నిమిషం అక్కడే మిగులుతుంది.

భద్రత_విశాఖ: అయితే గార్డు అడ్డం వచ్చింది మీ కంటికి కాదు, మీ కూలికి. ఇది మొదటే రాసి ఉంటే నేను నాన్నగారి మాట ఎత్తేవాణ్ని కాదు.

టర్నర్_బాలానగర్: కంటికీ అడ్డమే, కూలికీ అడ్డమే. పలక మసకబారుతుందన్న మాటను నేను వెనక్కి తీసుకోవడం లేదు.

షెడ్డు_కుషాయిగూడ: కూలి పెంచమంటారేమో, కంపెనీ ఇచ్చే రేటులోనే ఆ నిమిషం లేదు. మరో షెడ్డు రెండు రూపాయలు తగ్గించి పాడితే ఆర్డరు అటు పోతుంది.

టర్నర్_బాలానగర్: గార్డు బిగించమని మనిషిని పంపిందీ ఆ కంపెనీయే. వచ్చే నెల ఆ అధికారి మళ్లీ వస్తున్నారు. ముక్కకు ఏడు నిమిషాల లెక్కన 21 రూపాయలు అవుతుందని మా యజమాని చేత కాగితం రాయించి ఆయన ముందు పెడతాను. సంతకం చేస్తే ఆ రోజే గార్డు బిగించుకుంటాను, తొడుగులు మాత్రం వేసుకోను.

భద్రత_విశాఖ: పలక మసకబారితే విప్పి మార్చుకునేలా గార్డు గీసి పంపుతాను, మీ చక్ వ్యాసం ఎంతో రాయండి. అప్పటిదాకా కాలిపర్ పెట్టే ముందు దాన్ని పూర్తిగా ఆగనివ్వండి.

టర్నర్_బాలానగర్: 200 మిల్లీమీటర్లు.