మాటలతో చేసే వైద్యానికి ఉత్తుత్తి మాత్ర ఏది?

ప్రశ్న
పానిక్ అటాక్స్‌కి 12 వారాలు సీబీటీ (ఆలోచనల్నీ ప్రవర్తననీ మార్చుకోవడం నేర్పే) థెరపీ తీసుకున్నాను. ఇప్పుడు లిఫ్ట్ ఎక్కగలుగుతున్నాను. మా అన్నయ్య మాత్రం "అదంతా ప్లాసిబో. వారానికో గంట ఎవరు కూర్చుని విన్నా నీకు తగ్గేదే" అంటున్నాడు. మందుకైతే ప్లాసిబోతో, అంటే మందు లేని ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూస్తారు. థెరపీని దేనితో పోలుస్తారు?

జవాబు 1
వెయిటింగ్ లిస్టుతో. కొందరికి వెంటనే మొదలుపెడతారు, మిగతావాళ్లను ఆగమంటారు. తర్వాత ఇద్దరినీ పోల్చి చూస్తారు.

జవాబు 2
అది చాలదండీ. ఆగమన్నవాళ్లు "ఎలాగూ మన వంతు వస్తుంది కదా" అని తమంతట తాము ఏ ప్రయత్నమూ చేయకపోవచ్చు. దాంతో థెరపీ ఉన్నదానికన్నా గొప్పగా కనిపిస్తుంది.

నేను ఒక ట్రయల్‌లో కంట్రోల్ గ్రూపుకి (పోల్చి చూడటానికి పెట్టిన గ్రూపు) థెరపిస్టుగా ఉన్నాను. అదే గంట, అదే గది. వినాలి, ఓదార్చాలి, కానీ ఏ టెక్నిక్కూ నేర్పకూడదు. ఒకావిడ "రేపు బస్సెక్కనా, వద్దా?" అని అడిగింది. జవాబు నాకు తెలుసు. అయినా "ఆ మాట అంటుంటే మీకేమనిపిస్తోంది?" అని మాత్రమే అన్నాను. ఆవిడ తల దించుకుని బ్యాగు జిప్పు లాగుతూ కూర్చుంది. ఉత్తుత్తి మాత్రకి తాను ఉత్తుత్తిదని తెలియదు, నాకు తెలుసు. అది నా గొంతులో వినపడకుండా ఎలా ఉంటుంది? అందుకే థెరపీలో డబుల్ బ్లైండ్ (ఇచ్చేవాళ్లకీ తీసుకునేవాళ్లకీ ఏది అసలుదో తెలియకుండా ఉంచడం) కుదరదు. లక్షణాలు కొలిచేవాళ్లకు మాత్రం ఎవరిది ఏ గ్రూపో చెప్పం. అదీ పేషెంట్లే ఒక్కోసారి నోరు జారి చెప్పేసేవారు.

మీ అన్నయ్య మాటలో కొంత నిజముంది. డిప్రెషన్ మీద అమెరికాలో ఎన్‌ఐఎమ్‌హెచ్ (అక్కడి జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ) చేయించిన పెద్ద ట్రయల్ ఫలితాలు 1989లో వచ్చాయి. 250 మంది, 16 వారాలు. ఉత్తుత్తి మాత్ర గ్రూపుకీ డాక్టర్ క్రమం తప్పకుండా కలిసి, మాట్లాడి, ధైర్యం చెప్పేవారు. వాళ్లూ బాగానే కోలుకున్నారు. మొత్తం మీద సీబీటీ తీసుకున్నవాళ్లు ఈ గ్రూపును దాటినట్టు తేలలేదు. డిప్రెషన్ తీవ్రంగా ఉన్నవాళ్లలోనే తేడా బయటపడింది, అక్కడ ఇమిప్రమిన్ మందు ముందుంది. అయితే అది డిప్రెషన్ సంగతి. మీ పానిక్‌కి దాన్ని అలాగే అంటగట్టలేం.

ఇంతకీ మీరు మొదట లిఫ్ట్ ఎక్కింది ఎన్నో వారం?

అడిగినవారు
ఏడో వారం. ఆరు వారాలూ మేడమ్ ఎంతో ఓపిగ్గా విన్నారు, మనసు తేలికపడేది, కానీ లిఫ్ట్ దగ్గరికి వెళ్తే కాళ్లు వణికేవి. ఏడో వారం సన్నటి స్ట్రాతో ఊపిరి పీల్చమన్నారు. నిమిషంలో గుండె దడ, అచ్చం అటాక్ లాగే. "ఆపకండి, చూద్దాం" అన్నారు. కాసేపటికి దానంతటదే తగ్గింది. అలా మూడుసార్లు. ఆ సాయంత్రమే ఎక్కాను.