బ్యాచ్ 1లో (ఒకసారికి ఒక్క ఫొటోనే) జీపీయూ ఖాళీగా ఉంటోంది, గ్రాఫ్ షెడ్యూలింగ్‌తో వేగం పెంచేదెట్లా?

అనంతపురం_శెనక్కాయ: శెనక్కాయ ఆకుమచ్చ తెగులు పట్టే మోడల్. పైటార్చ్, నాలుగు సమాంతర శాఖలు. ప్రొఫైలర్‌లో (ఏ పనికి ఎంత టైమ్ పట్టిందో చూపే టూల్) కెర్నల్‌కూ కెర్నల్‌కూ (జీపీయూ మీద నడిచే ఒక్కో పని) మధ్య ఖాళీలు. శాఖల్ని వేర్వేరు స్ట్రీముల్లో (జీపీయూ పనుల వరుసలు) పెడితే చాలా అన్నా?

కడప_కెర్నల్: స్ట్రీములు తర్వాత. ఆ ఖాళీలంటే సీపీయూ పని అందించలేకపోతోందని. ఒక్కో లాంచ్‌కు, అంటే సీపీయూ ఒక కెర్నల్‌ను మొదలుపెట్టడానికి, కొన్ని మైక్రోసెకన్లు. చిన్న కెర్నల్ ఆలోపే అయిపోతుంది. టార్చ్.కంపైల్‌ను రెడ్యూస్-ఓవర్‌హెడ్ మోడ్‌లో పెట్టు. చిన్న ఆపరేషన్లు ఫ్యూజ్ అవుతాయి (ఒకే కెర్నల్‌గా కలుస్తాయి), ఆ తర్వాత ఉన్న కెర్నల్స్ అన్నీ క్యూడా గ్రాఫ్‌గా (ఒకసారి రికార్డ్ చేసి మళ్లీ మళ్లీ నడిపే పనుల జాబితా) ఒకేసారి వెళ్తాయి. ఇన్‌పుట్ 224×224 అంటే ప్రతిసారీ అదే ఉండాల. సైజు మారితే మళ్లీ రికార్డింగే. ఫార్వర్డ్ మధ్యలో .ఐటెమ్() (విలువను సీపీయూకు తెచ్చేది) ఉంటే గ్రాఫ్ అక్కడే తెగుతుంది.

కర్నూలు_కొండారెడ్డిబురుజు: గ్రాఫ్‌ను చేత్తో క్యాప్చర్ (రికార్డ్) చేసేటట్టయితే ముందు పక్క స్ట్రీమ్‌లో వార్మప్ రన్లు తప్పనిసరి. కొత్త ఫొటోను అదే ఇన్‌పుట్ బఫర్‌లోకి కాపీ చేయాల. కొత్త టెన్సర్ ఇస్తే రీప్లే పాత అడ్రసునే చదివి పాత జవాబే ఇస్తుంది, ఎర్రర్ కూడా రాదు. అందరికంటే ఎక్కువ మందిని ముంచేది ఇదే.

శాఖలకు స్ట్రీములంటావా, ఒక్క కెర్నలే ఎస్‌ఎంలన్నీ (జీపీయూలో లెక్కలు చేసే యూనిట్లు) నింపేస్తే లాభం రాదు. పెట్టినా, కాంకాట్ (శాఖల ఫలితాల్ని కలిపేది) ముందు ఈవెంట్‌తో (స్ట్రీమ్‌లో పని అయిందని చెప్పే గుర్తు) ఆగకపోతే సగం రాసిన డేటా చదువుతుంది.

కడప_కెర్నల్: టైమ్ కొలిచేముందు సింక్రనైజ్ (జీపీయూ పని అయ్యేదాకా సీపీయూ ఆగడం) మరవొద్దు. లేకుంటే లాంచ్ టైమే కనిపిస్తుంది.