అప్‌డేట్: స్టేజీ మీద మాట్లాడటానికి ఏం వేసుకోవాలని అడిగాను కదా

పోయిన వారం అడిగింది నేనే. సదస్సులో 40 నిమిషాలు మాట్లాడాలి, ఒంటికి నప్పాలి, ఊపిరీ ఆడాలి, ఏం వేసుకోను అని. నిన్నే అయిపోయింది.

చివరికి నేవీ బ్లూ బ్లేజర్, లోపల క్రీమ్ రంగు కాటన్ టాప్, ప్యాంటు. కాలర్ మైక్ సంగతి గుర్తుచేసినవాళ్లకి దండం! మైక్ బ్లేజర్ అంచుకి, దాని ట్రాన్స్‌మీటర్ డబ్బా ప్యాంటు నడుముకి చక్కగా పట్టాయి. ముందు నేననుకున్న గౌనుకైతే ఆ డబ్బా తగిలించే చోటే లేదు. సన్నచారల చొక్కా కూడా మానేశాను. ఫోన్‌లో వీడియో తీస్తే మీరన్నట్టే చారలు అలల్లా కదులుతున్నట్టు కనిపించాయి. ఇంట్లో చేతులెత్తి చూసుకుంటే బ్లేజర్ భుజాల దగ్గర పట్టేసింది, టైలర్ కాస్త వదులు చేశాడు. చెమట పట్టింది గానీ ఎవరికీ కనపడలేదు.

షూస్ మాత్రం, మీరు వద్దన్నా వినకుండా, కొత్తవే వేసుకెళ్లాను. ఇవాళ మడమకి ప్లాస్టర్.