నడుము నొప్పి మొదలైన వారానికే ఎంఆర్‌ఐ అవసరమా?

వంగలేనివాడు:
బకెట్ ఎత్తబోతే నడుము పట్టేసింది. నాలుగో రోజే ఎంఆర్‌ఐ తీయించుకున్నా. రిపోర్టులో "ఎల్4-ఎల్5 దగ్గర డిస్క్ బల్జ్, డీజెనరేటివ్ మార్పులు" అని ఉంది. అంటే నడుము కింది భాగంలో రెండు వెన్నుపూసల మధ్య ఉండే మెత్త (డిస్క్) ఉబ్బిందట, అరుగుదల కూడా ఉందట. అది చదివినప్పటి నుంచి చెప్పులు తొడుక్కోవడానికి వంగాలన్నా భయమే. వయసు 34. తొందరపడ్డానా?

ఫిల్మ్‌రూమ్:
ఇలాంటి రిపోర్టులు రాయడమే నా పని, అయినా చెబుతున్నా: తొందరపడ్డారు. నొప్పి లేని 3,110 మంది స్కాన్ల మీద 2015లో ఓ సమీక్ష వచ్చింది. ఇరవై ఏళ్లవాళ్లలోనే 30 శాతం మందికి డిస్క్ బల్జ్ ఉంది, ఎనభై ఏళ్లవాళ్లలో 84 శాతం. మీ బల్జ్ బకెట్ ఎత్తకముందు నుంచీ ఉందేమో! పాత స్కాన్ లేదు కాబట్టి తేల్చలేం. టీ2 అనే రకం ఎంఆర్‌ఐ చిత్రంలో నీరున్న డిస్క్ తెల్లగా, ఎండిన డిస్క్ నల్లగా కనిపిస్తుంది. నల్లగా కనిపిస్తే నేను రాయక తప్పదు. నొప్పి దానివల్లేనా అన్నది మాత్రం చిత్రం చెప్పదు.

రెండోమాట:
లెక్కలు బాగానే ఉన్నాయి సార్. మా అన్నయ్యకీ "స్కాన్ ఇప్పుడే వద్దు, ఆరు వారాలు చూద్దాం" అన్నారు. మూడో వారానికి పాదం పైకి లేవలేదు, నడుస్తుంటే చెప్పు జారిపోయేది. అప్పుడు తీస్తే డిస్క్ ముక్క నరాన్ని నొక్కుతోంది. ఎంఆర్‌ఐకి రేడియేషన్ కూడా ఉండదు కదా, ముందే తీస్తే పోయేదేముంది?

ఫిల్మ్‌రూమ్:
పాదం బలం తగ్గినా, మూత్రం ఆగిపోయినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా ఒక్కరోజు కూడా ఆగకూడదు. జ్వరం ఉన్నా, గతంలో క్యాన్సర్ ఉన్నా ఆరు వారాల మాట వర్తించదు. మీ అన్నయ్యకి మొదటి వారంలో తీస్తే ఆ ముక్క కనిపించేదో లేదో. పాదం బలం గమనించుకోమని ఎవరూ చెప్పకపోవడమే నాకు కోపం తెప్పిస్తోంది. ఇక పోయేదేముందంటారా, పైన వంగలేనివాడు గారి చెప్పుల సంగతి చూడండి.

వంగలేనివాడు:
పోనీ, ఇంకోచోట మళ్లీ తీయిస్తే?

ఫిల్మ్‌రూమ్:
వద్దు. సయాటికా (నడుము నుంచి కాలిలోకి పాకే నరం నొప్పి) ఉన్న 63 ఏళ్ల ఆవిడకి మూడు వారాల్లో పది కేంద్రాల్లో ఎంఆర్‌ఐ తీసి చూశారు. 2017లో వచ్చిన పేపర్ అది. పది రిపోర్టుల్లో కలిపి 49 రకాల లోపాలు రాశారు. పదింటిలోనూ ఉన్నది ఒక్కటీ లేదు.

రెండోమాట:
అయితే తప్పు స్కాన్‌ది కాదు, మీలా రాసేవాళ్లది!

ఫిల్మ్‌రూమ్:
ఒప్పుకుంటా. అందుకే ఈమధ్య రిపోర్టు చివర "ఈ వయసులో నొప్పి లేనివాళ్లలోనూ ఇది మామూలే" అని ఓ వాక్యం చేరుస్తున్నా. తోటివాళ్లు నవ్వుతున్నారు, నవ్వనీండి. వంగలేనివాడు గారూ, మడమల మీద పది అడుగులు వేయగలరా?

వంగలేనివాడు:
ఇప్పుడే వేశా. రెండు పాదాలూ లేస్తున్నాయి. చెప్పులు మాత్రం ఈ వారం కూర్చునే తొడుక్కుంటా లెండి.