ఎనిమిది సార్లు గెలవడం పనితీరుకు రుజువేనా? రామలింగారెడ్డి గారి రికార్డుపై బెంగళూరు తెలుగువాళ్ల చర్చ

కోనసీమ_కోరమంగళ

మా అపార్ట్‌మెంట్ మీటింగులో డ్రైనేజీ గురించి మాట్లాడుతుంటే ఒక పెద్దాయన అన్నారు: "ఎనిమిది సార్లు గెలిచిన మనిషిని ఏం చేశాడని అడుగుతారేంటి? చేయకపోతే జనం ఓట్లేస్తారా?" అందరూ సరేనని తలూపారు, మాట అక్కడితో అయిపోయింది. నేను మాత్రం ఒప్పుకోలేకపోతున్నాను. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం రికార్డు చెబుతాను. రామలింగారెడ్డి గారు కాంగ్రెస్ తరఫున 1989, 1994, 1999, 2004లో జయనగర్ నుంచి గెలిచారు. పునర్విభజనలో బీటీఎం లేఅవుట్ నియోజకవర్గం ఏర్పడ్డాక 2008, 2013, 2018, 2023లో ఇక్కడి నుంచి గెలిచారు. మధ్యలో రవాణా మంత్రి, హోం మంత్రి, 2023లో మళ్లీ రవాణా, దాంతోపాటు ముజరాయి, అంటే దేవాదాయ శాఖ.

నా ప్రశ్న ఒక్కటే. గెలుపుల లెక్కని పనితీరు లెక్కగా చదవొచ్చా?

పాత_జయనగర్

బాబూ, నలభై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నవాణ్ణి. నువ్వు చెప్పిన సంవత్సరాల్లో ఒకదాని దగ్గర కాసేపు ఆగు. 1994లో రాష్ట్రమంతా జనతాదళ్ గాలి. 224 సీట్లలో కాంగ్రెస్‌కు దక్కినవి 34. ఆ 34లో జయనగర్ ఒకటి. పార్టీ కొట్టుకుపోయిన ఏడాది గెలిచాడంటే అది పార్టీ గుర్తు గెలిపించిన గెలుపు కాదు, మనిషిది.

ఇంకోటి. 2008లో ఆయన బీటీఎంకి మారగానే జయనగర్ ఏమైంది? బీజేపీ విజయకుమార్ గారికి వెళ్లిపోయింది, 2013లో కూడా ఆయనదే. కాంగ్రెస్‌కు అక్కడ బలం ఉండి రెడ్డి గారు గెలిచారనుకుంటే, ఆయన కదలగానే సీటు ఎందుకు పోతుంది?

పెళ్లికి పిలిస్తే వస్తాడు, చావుకి పిలవకపోయినా వస్తాడు. కార్పొరేటర్‌గా మొదలైన మనిషి, వీధి లెక్కలు తెలుసు. మీరు ఆఫీసు నుంచి రాత్రి తొమ్మిదికి వచ్చి అపార్ట్‌మెంట్ గేటు మూసుకుంటారు. మీకు కనిపించలేదని పని జరగలేదని కాదు.

హోసూరు_రోడ్

పెద్దాయన మాట మీద గౌరవం ఉంది. కానీ జయనగర్ ఉదాహరణని తిప్పి కూడా చూడాలండి. 2008లో జయనగర్ గీతలు మారాయి. ఏ భాగంలో తనకు ఓటుందో ఆ భాగానికి ఆయన వెళ్లారు. రాజకీయ నాయకుడిగా అది తెలివైన పనే, తప్పనను. కాకపోతే "ఆయన పోగానే సీటు పోయింది" అన్న వాదనలో సగం బలం అక్కడే పోతుంది. పాత సీటూ కొత్త సీటూ ఒకటి కాదు.

ఇక బీటీఎం అంకెలు చూద్దాం. చివరి మూడు ఎన్నికల్లో ఆయనకు వచ్చిన ఓట్లు: 2013లో 69,712. 2018లో 67,085. 2023లో 68,557. రెండో స్థానంలో ఉన్న బీజేపీ అభ్యర్థికి: 20,664, తర్వాత 46,607, తర్వాత 59,335.

అంటే మెజారిటీ సుమారు 49 వేల నుంచి 20 వేలకు, అక్కడి నుంచి 9 వేలకు దిగింది. "ఆయన బలం తగ్గిపోతోంది" అని బీజేపీ మిత్రులు అంటారు. అది కూడా సరైన చదువు కాదు. ఆయన ఓటు పదేళ్లలో మూడు వేలు కూడా కదల్లేదు. పెరిగింది అవతలి ఓటు. 2013 ఎన్నికలకు ముందు యడియూరప్ప గారు కేజేపీ అనే సొంత పార్టీ పెట్టుకుని బయటకు పోవడంతో రాష్ట్రంలో బీజేపీ ఓటు చీలిపోయింది, ఆ 49 వేలలో దానికీ వాటా ఉండొచ్చు. ఆ మెజారిటీని ఆయన పనికి వచ్చిన మార్కులుగా చూస్తే, 2023 నాటి 9 వేలను ఫెయిల్ మార్కులుగా చూడాల్సి వస్తుంది. రెండూ తప్పే.

నాకు అర్థమైంది ఏంటంటే, ఆయన దగ్గర 67, 68 వేల మంది కదలని ఓటర్లున్నారు. ఓటర్ల జాబితాలో ఉన్నవాళ్లు రెండున్నర లక్షలు దాటారు. వాళ్లలో సగం అటూ ఇటూగా మాత్రమే ఓటేస్తారు. అంటే జాబితాలో ప్రతి నలుగురిలో ఒకరు ఆయనకు వేస్తే గెలిచినట్టే. మిగిలిన ముగ్గురి సంగతి ఆ గెలుపు చెప్పదు.

ఈజీపుర_అద్దెయిల్లు

ఇంత లెక్క ఎందుకన్నా, మా ఫ్లైఓవర్ చాలదా? ఈజీపుర నుంచి కేంద్రీయ సదన్ దాకా రెండున్నర కిలోమీటర్లు. పనులు 2017లో మొదలు. 2022లో కాంట్రాక్టు రద్దు. 2023లో ఇంకో కంపెనీకి. ఇన్నేళ్లు ఆ స్తంభాల కింద దుమ్ము తిన్నది మేము. పనులు మొదలైనప్పుడు ఆయన మంత్రి. 2023లో మళ్లీ మంత్రి.

పాత_జయనగర్

మధ్యలో 2019 నుంచి 2023 దాకా ఎవరి ప్రభుత్వమో అది కూడా రాయి తమ్ముడూ. ఫ్లైఓవర్ పని పెట్టింది బీబీఎంపీ, అప్పటి నగరపాలక సంస్థ. ఎమ్మెల్యే చేతిలో ఏడాదికి ఉండేది రెండు కోట్ల నియోజకవర్గ నిధి. దానితో ఫ్లైఓవర్ ఒక్క స్తంభం కూడా లేవదు.

ఈజీపుర_అద్దెయిల్లు

ప్రభుత్వం ఎవరిదైనా ఎమ్మెల్యే ఆయనే కదా పెద్దాయనా. ప్రతిపక్షంలో ఉంటే అసెంబ్లీలో నిలదీయాలి. అధికారంలో ఉంటే చేయించాలి. "నా చేతిలో లేదు" అనే మాట మొదటిసారి గెలిచినవాళ్లు చెబితే వింటాను. ముప్పై ఏళ్లు దాటిన అనుభవం ఉన్నవాళ్ల నుంచి వినను.

అనంతపురం_అమ్మాయి

తావరెకెరె దగ్గర హాస్టల్‌లో ఉంటాను. ఆడవాళ్లకు ప్రభుత్వ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఇచ్చే శక్తి పథకం ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే ఎత్తుతున్నాను. 2023 జూన్ 11న మొదలైంది, రవాణా మంత్రి ఈయనే. 2025 జూలైకి 500 కోట్ల ఉచిత ప్రయాణాలు దాటాయి. మా హాస్టల్‌లో వంట చేసే అక్క ఈజీపుర నుంచి రోజూ బస్సులో వస్తుంది. నెలకి ఆమెకి మిగిలే డబ్బు చిన్నది కాదు. రోడ్డు, డ్రైనేజీ మాత్రమే పనితీరు అనుకుంటే ఆ అక్క లెక్కలోకి రాదు. ఆమెకి ఇక్కడ ఓటుంది, వేస్తుంది. మీరు "కదలని ఓటర్లు" అంటున్నవాళ్లు ఏదో మత్తులో వేస్తున్నారని అనుకోకండి అన్నా. వాళ్లకు కారణాలున్నాయి.

అయితే పూర్తి మాట చెప్పాలి. నా ఆధార్‌లో చిరునామా అనంతపురం. కర్ణాటక చిరునామా ఉన్న కార్డు లేదు కాబట్టి నేను టికెట్ కొనుక్కుంటాను. 2025 జనవరిలో ఛార్జీలు 15 శాతం పెంచినప్పుడు ఆ పెంపు పడింది మగవాళ్ల మీద, నాలాంటి బయటి ఊరి ఆడపిల్లల మీద. అదే ఏడాది ఆగస్టు 5న ఆర్టీసీ కార్మికులు 38 నెలల బకాయిల కోసం సమ్మె చేశారు. పథకం మంచిదే, దాని భారం ఎక్కడెక్కడ పడుతోందో కూడా మంత్రి గారి ఖాతాలోనే రాయాలి.

సంక్రాంతికి మడివాళ నుంచి ప్రైవేటు బస్సుల రేట్లు ఎలా ఉంటాయో ఇక్కడ అందరికీ తెలుసు. రవాణా మంత్రి నియోజకవర్గంలోనే ఎక్కుతాం, మామూలు రోజుకి రెండు మూడు రెట్లు ఇచ్చి మరీ ఎక్కుతాం. దాని మీద ప్రతి ఏడాదీ హెచ్చరికలు వింటాం, రేట్లు మాత్రం తగ్గవు. ఇది నాకు నిజంగా బాధ.

కోనసీమ_కోరమంగళ

అమ్మాయి చెప్పినది చాలా అవసరమైన మాట. నేను అడగాలనుకున్నది కూడా ఇదే. గెలుపుల సంఖ్య వదిలేసి ఒక్కో పని తీసుకుని మాట్లాడితే చర్చ ముందుకు వెళుతుంది.

హోం శాఖ సంగతి కూడా ఒక మాట. 2017 సెప్టెంబర్ మొదట్లో ఆయన బాధ్యతలు తీసుకున్నారు, సెప్టెంబర్ 5న పాత్రికేయురాలు గౌరీ లంకేశ్ గారి హత్య. సిట్ వేశారు, తొలి అరెస్టు 2018 మార్చిలో. ఆ దర్యాప్తును గట్టిగా నడవనిచ్చారని నేను మెచ్చుకుంటాను.

హోసూరు_రోడ్

2019 సంగతి ఎవరూ ఎత్తడం లేదు. కాంగ్రెస్, జేడీఎస్ సంకీర్ణ ప్రభుత్వంలో రెడ్డి గారికి మంత్రి పదవి రాలేదు. జూలైలో మిగతా అసంతృప్తులతో పాటు ఆయనా రాజీనామా ఇచ్చారు. వాళ్లు ముంబై వెళ్లారు, ఈయన వెళ్లలేదు. చివరికి రాజీనామా వెనక్కి తీసుకుని జూలై 23న ముఖ్యమంత్రి కుమారస్వామి గారికి అనుకూలంగా ఓటేశారు. ప్రభుత్వం 99–105తో పడిపోయింది. నగరంలోని వేరే నియోజకవర్గాల్లో పార్టీ మారినవాళ్లు అదే డిసెంబర్ ఉప ఎన్నికల్లో బీజేపీ నుంచి గెలిచి మంత్రులయ్యారు. ఈయన నాలుగేళ్లు ప్రతిపక్షంలో కూర్చున్నారు.

రాజీనామా ఇవ్వడం నాకు నచ్చలేదు. పదవి కోసం బెదిరించినట్టే అది. కానీ తుదిలో నిలబడ్డ చోటు సరైనదే. మా ఓటు తీసుకుని పార్టీ మారలేదు. ఎనిమిది గెలుపుల కన్నా ఆ ఒక్క ఓటు నా దృష్టిలో బరువైనది.

పాత_జయనగర్

సంతోషం. ఇదొక్కటైనా ఒప్పుకున్నావు.

ఈజీపుర_అద్దెయిల్లు

కూతురి సంగతి? సౌమ్యారెడ్డి గారు 2018లో జయనగర్‌లో 2,889 ఓట్లతో గెలిచారు. 2023లో ఓడారు. 2024లో బెంగళూరు దక్షిణ లోక్‌సభ టికెట్ కూడా ఆమెకే. తేజస్వీ సూర్య చేతిలో రెండు లక్షల డెబ్బై ఏడు వేల ఓట్ల తేడా. ఎనిమిది సార్లు గెలిచిన తండ్రి పలుకుబడి అంత గొప్పదైతే అది అక్కడ ఎందుకు పనిచేయలేదు?

పాత_జయనగర్

లోక్‌సభ వేరు, అసెంబ్లీ వేరు. ఢిల్లీకి ఒకరికి, ఊరికి ఒకరికి వేసే అలవాటు బెంగళూరుది. 2023లో ఆమె ఎంత తేడాతో ఓడిందో అది కూడా రాయవయ్యా.

కోనసీమ_కోరమంగళ

16 ఓట్లు. సి.కె. రామమూర్తి గారికి 57,797, ఆమెకు 57,781. రాత్రి పొద్దుపోయేదాకా మళ్లీ మళ్లీ లెక్కపెట్టారు. మా అపార్ట్‌మెంట్‌లో ఒక్క బ్లాకు తెలుగువాళ్లు అంతకన్నా ఎక్కువ.

ఇక్కడ మనవాళ్లను సూటిగా అడగాలి. ఈ చర్చలో ఉన్నవాళ్లలో ఎవరెవరికి బెంగళూరులో ఓటుంది? 2024 మే 13న ఆంధ్రలో పోలింగ్ అంటే మడివాళ నుంచి ఎన్ని బస్సులు కదిలాయో చూశాం. ఊరి మీద ప్రేమతో వెళ్లారు, దాన్ని నేను తక్కువ చేయను. కానీ పదిహేనేళ్లుగా ఇక్కడ నీళ్లు తాగుతూ, ఇక్కడ పిల్లల్ని బడికి పంపుతూ, వర్షం పడితే కోరమంగళ ఎస్.టి. బెడ్‌లో మోకాలి లోతు నీళ్లలో నడుస్తూ, ఓటు మాత్రం అక్కడ పెట్టుకుంటే, ఇక్కడ ఎవరూ మన మాట ఎందుకు వినాలి? ఆయన ఓటు పదేళ్లుగా 68 వేల దగ్గర నిలబడిందంటే, ఈ పదేళ్లలో వచ్చి చేరిన మనలో చాలామంది ఆయనకు అనుకూలంగానూ లేము, వ్యతిరేకంగానూ లేము. అసలు లేము.

ఈజీపుర_అద్దెయిల్లు

రెండు చోట్లా పెట్టుకుంటే పోలా? మా ఆఫీసులో చాలామంది అదే చేస్తారు.

హోసూరు_రోడ్

వద్దు తమ్ముడూ. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 17, 18 సెక్షన్లు ఒక్కసారి చదువు. రెండు నియోజకవర్గాల్లో ఉండకూడదు, ఒకే నియోజకవర్గంలో రెండుసార్లు ఉండకూడదు. తప్పుడు డిక్లరేషన్ ఇస్తే శిక్ష కూడా ఉంది. ఎక్కడ మామూలుగా నివాసం ఉంటే అక్కడే ఓటు. ఊరి నుంచి మార్చుకోవడానికి ఫారం 8. కొత్తవాళ్లకు ఫారం 6.

చిక్కు ఎక్కడంటే, మనందరికీ ఉండేవి పదకొండు నెలల నోటరీ అగ్రిమెంట్లు. వాళ్లు అడిగేది రిజిస్టర్ అయిన అద్దె ఒప్పందం. అది లేకపోతే బ్యాంకు పాస్‌బుక్‌లోనో ఆధార్‌లోనో చిరునామా మార్చుకుని అది పెట్టాలి. ఇల్లు మారినప్పుడల్లా ఇదే తంతు. అద్దె జనాన్ని జాబితాకు దూరంగా ఉంచే అసలు గోడ ఇదే. దీని గురించి ఏ పార్టీ ఎమ్మెల్యే మాట్లాడటం నేను వినలేదు.

అనంతపురం_అమ్మాయి

ఆధార్ మారిస్తే శక్తి టికెట్ కూడా వస్తుంది అన్నా, రెండూ ఒకేసారి అవుతాయి. కానీ మా నాన్న ఒప్పుకోడు, "ఊళ్లో పేరు తీసేస్తే ఇంకెక్కడి దానివి" అంటాడు. ఆయనతో ఎలా మాట్లాడాలో తెలియట్లేదు.

పాత_జయనగర్

నాన్నగారికి చెప్పమ్మా, ఇల్లూ పొలమూ ఓటర్ల జాబితాలో ఉండవు, రెవెన్యూ రికార్డులో ఉంటాయని. మా నాన్న చిత్తూరు జిల్లా నుంచి ఇక్కడికి వచ్చాక మొదట చేసిన పని ఓటు రాయించుకోవడం. ఊరు మాకు పరాయి ఏమీ కాలేదు, ఏటా జాతరకి వెళ్తూనే ఉన్నాం.

మీ పిల్లలందరికీ ఇంకో మాట. 2020 సెప్టెంబర్‌లో బీబీఎంపీ పాత కౌన్సిల్ గడువు అయిపోయింది, అప్పటి నుంచి ఏళ్ల తరబడి కార్పొరేటర్లు లేరు. వీధి దీపం కూడా ఎమ్మెల్యే గుమ్మం ముందు నిలబడి అడగాల్సిన గతి అందుకే వచ్చింది. నేను రెడ్డి గారి మనిషినే, దాచుకోను. కానీ కార్పొరేషన్ ఎన్నికలు పెట్టించలేకపోవడం విషయంలో అన్ని పార్టీల ఎమ్మెల్యేల మీదా నాకు కోపం ఉంది, ఆయన మీద కూడా.

కోనసీమ_కోరమంగళ

అయితే ఆదివారం మా అపార్ట్‌మెంట్‌లో ఫారం 8 నింపే పని పెట్టుకుంటున్నాం. ఈజీపుర తమ్ముడూ, నీ బ్యాంకు పాస్‌బుక్‌లో చిరునామా మారిందో లేదో చూసుకుని రా. పెద్దాయనా, మీరు కూడా వస్తే బాగుంటుంది. ఎమ్మెల్యే ఆఫీసుకు ఇవ్వాల్సిన డ్రైనేజీ అర్జీ కన్నడలో రాయాలి, మీకైతే అలవాటు.

పాత_జయనగర్

వస్తాను. అర్జీలో ఫ్లైఓవర్ కూడా రాద్దాం.